ఊరి పనుల్లో ఏది ముందు? రోడ్డు కాదు, నీటి వాలు

సీసీ రోడ్డు, మోరీలు, ఇంకుడు గుంతలు, కొత్త ఇళ్లు అన్నీ ఒకే ఏడాదిలో చేయాలని మీ పంచాయతీ తీర్మానించింది, వీటిలో ఏది ముందు పెట్టాలి అని అడిగారు. రోడ్డు అన్నిటికంటే చివర. గ్రామసభలో అందరూ ముందడిగేది రోడ్డే కాబట్టి ఈ మాట మీరు గట్టిగా చెప్పాల్సి వస్తుంది.

పాత సీసీ మీదే కొత్తది పోస్తే గల్లీ ప్రతిసారీ ఆరంగుళాలు లేస్తుంది. రెండుసార్లు పోస్తే అడుగు. అప్పటికి పాత ఇళ్ల గడపలు రోడ్డు కంటే కిందికి పోతాయి, వాన పడితే నీళ్లు నట్టింట్లోకి వస్తాయి. అలాంటి ఇంటికి ఎన్ని పూతలు పూసినా చెమ్మ ఆగదు.

అందుకే మొదటి పని మట్టం చూడటం. మేస్త్రి దగ్గరుండే 20 మీటర్ల లెవల్ పైపు, అంటే నీళ్లు నింపి మట్టం చూసే సన్న గొట్టం చాలు. పైపులో గాలి బుడగ మిగిలితే లెక్కంతా తప్పుతుంది, నీళ్లు నింపాక ఒకసారి పూర్తిగా చూసుకోండి. నీళ్లు ఊరు దాటే చోటు నుంచి మొదలుపెట్టి, ఒకే మట్టాన్ని కరెంటు స్తంభాల మీద పెయింటుతో గుర్తిస్తూ పోండి. ఆ గీత నుంచి ప్రతి గడప ఎంత కిందికుందో నోటుబుక్కులో రాయండి. అన్నిటికంటే పల్లంలో ఉన్న గడపను బట్టి రోడ్డు పైమట్టం నిర్ణయించాలి. అది కుదరకపోతే పాత సీసీ పగలగొట్టి తీయాల్సిందే. ఆ ఖర్చును ఎస్టిమేటులోనే చూపించమని ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారిని అడగండి, తర్వాత కలపడం కష్టం.

మోరీకి వాలు 200కు 1 ఉంటే మురుగు నిలవదు, అంటే వంద అడుగులకు అర అడుగు. అంతకంటే తగ్గితే ఇసుక పేరుకుంటుంది. చాలాచోట్ల చెడేది మాత్రం మోరీ చివర. ఎవరి చేను గట్టు దగ్గరో ఆగిపోతుంది, ఆ రైతు మట్టి పోసి మూసేస్తాడు. చివర ఎక్కడ కలుస్తుందో సర్వే నంబరుతో తీర్మానంలో రాయించి, పట్టాదారు సంతకం తీసుకున్నాకే తవ్వకం మొదలుపెట్టండి. ఆ మురుగును నేరుగా చెరువులోకి వదలకండి. వాకిళ్ల ముందు మోరీ మీద వేసే బండలను సిమెంటుతో అతికించనివ్వకండి. లేవని బండ కింద పూడిక తీయడం ఎవరి తరమూ కాదు.

ఇంటి వాడకం నీళ్లను నేలలోకి ఇంకించే ఇంకుడు గుంత తవ్వే ముందు నేలను పరీక్షించాలి. అడుగు లోతు గుంత తీసి రాత్రంతా నీళ్లు నిలపండి. మర్నాడు ఆరంగుళాల నీళ్లు పోసి, అంగుళం దిగడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. అరగంట దాటితే అక్కడ గుంత పనికిరాదు, మోరీలోకే వదలాలి. నల్లరేగడిలో సాధారణంగా ఇదే పరిస్థితి. మొరం నేలల్లో బాగా పనిచేస్తుంది. ఐదుగురున్న ఇంట్లో మనిషికి రోజుకు 100 లీటర్లు వాడితే 350 నుంచి 400 లీటర్లు మురుగుగా వస్తుంది, గుంత రోజూ అంత ఇంకించుకోవాలి. గుంతకు ముందు అడుగు చదరం సిల్టు గది, అంటే బురద ఆగే చిన్న తొట్టి తప్పనిసరి. గంజి, జిడ్డు, గిన్నెలు తోమిన బూడిద అక్కడే ఆగాలి, పదిహేను రోజులకోసారి తీసేయాలి. ఆ గది లేని గుంత తొందరగా మూసుకుపోతుంది.

ఈ గుంతను మరుగుదొడ్డి గుంతతో కలపకండి. మరుగుదొడ్డికి రెండు గుంతలు విడిగా ఉండాలి, మధ్య కనీసం మీటరు దూరం, బావికీ బోరుకూ పది మీటర్లు. సిమెంటు వరలు దించేటప్పుడు రంధ్రాలు లేనివి తెచ్చి, అడుగున కాంక్రీటు కూడా పోసేస్తున్నారు. అప్పుడు నీళ్లు ఇంకే దారే ఉండదు. ఒకటి నిండాక రెండోదానికి మళ్లించి, మొదటిదాన్ని ఏడాదిన్నర నుంచి రెండేళ్లు కదపకుండా వదిలితే ఎరువవుతుంది.

తెలంగాణ ప్రభుత్వ పథకం కింద కొత్తగా కట్టే ఇందిరమ్మ ఇల్లు 400 నుంచి 600 చదరపు అడుగుల్లో ఉండాలి, డబ్బు దశలవారీగా వస్తుంది. బేస్‌మెంటు బిల్లు తొందరగా రావాలని చాలామంది పునాదిని తక్కువ ఎత్తులో ఆపేస్తారు. మీ నోటుబుక్కు అక్కరకొచ్చేది అక్కడే. ముగ్గు పోసే రోజే రాబోయే రోడ్డు పైమట్టం చెప్పి, దాని మీద రెండడుగుల ఎత్తు పెట్టించండి.

నిధుల విషయానికొస్తే, కేంద్రం పంచాయతీలకిచ్చిన 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 2021–26 కాలానికి 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే కేటాయించారు. మురుగు పనులు అందులోకి వచ్చేవి, రోడ్డు మిగతా 40లోంచి.

ఇక రోడ్డు. పోసే ముందే ప్రతి ఇంటి ముందు అడ్డంగా ఖాళీ పీవీసీ పైపు ఒకటి పాతండి. లేకపోతే కొత్త నల్లా కోసం మర్నాడే రోడ్డు కోస్తారు. 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అంటే 45 ఘనపు మీటర్లు. సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్లలో కలిపే ఎం20 మిశ్రమానికి సుమారు 360 బస్తాల సిమెంటు పడుతుంది. బస్తాలు లెక్కపెట్టే పని ఆ గల్లీ వాళ్లకే అప్పగించండి. మధ్య నుంచి అంచుకు 3 సెంటీమీటర్ల వాలు, నాలుగు మీటర్లకో అడ్డ కోత (జాయింటు), కనీసం 14 రోజులు నీళ్లు కట్టడం. ఇవి తప్పితే పగుళ్లు ఖాయం.

మేలో మోరీల పూడిక తీసినప్పుడు ఆ మట్టిని అంచునే కుప్ప పోయకుండా పంచాయతీ ట్రాక్టరుతో అదే రోజు ఎత్తించండి. లేకపోతే తొలి వానకే అది తిరిగి మోరీలో పడుతుంది.