బస్సు బోర్డు చూస్తే హుషారు, తెలుగు వాచకం తీస్తే ఏడుపు

ప్రశ్న: మేడమ్, మా బాబుకి ఎనిమిదేళ్ళు. బడిలో అందరి ముందూ నిలబెట్టి చదివించేసరికి బెదిరిపోయాడు, పొద్దున్నే కడుపునొప్పి అని ఏడ్చేవాడు, అందుకే జూన్ నుంచి ఇంట్లోనే చెప్తున్నా. మూడో క్లాసు పుస్తకాలు కొని తొమ్మిదింటి నుంచి పన్నెండున్నర దాకా టైంటేబుల్ వేశా, నలభై నిమిషాలకో సబ్జెక్టు. లెక్కలు నోటితోనే చెప్పేస్తాడు గానీ తెలుగు తీస్తే చాలు కళ్ళల్లో నీళ్ళు, వత్తు వస్తే అక్కడే ఆగిపోతాడు. సాయంత్రమైతే బస్టాండుకి తీసుకెళ్ళమని ఒకటే గోల, బస్సులంటే అంత ఇష్టం. సిలబస్ రెండు నెలలు వెనకపడింది. మా అత్తగారేమో "వీడికి చదువు అబ్బదు, మళ్ళీ బడిలో వేసెయ్" అంటున్నారు. నేను తప్పు చేస్తున్నానా? రేపు టెన్త్ ఎలా రాయాలి?
– ఓ తల్లి, ఏలూరు

జవాబు: తప్పు చెయ్యట్లేదమ్మా, కాకపోతే బాబుని బడి మాన్పించి ఆ బడినే ఇంటికి తెచ్చేశారు. నలభై నిమిషాల పీరియడ్ అనేది ముప్పై నలభైమంది ఉన్న గది కోసం పెట్టింది, అందులో హాజరుకి కొంత, పుస్తకాలు తీయించడానికి కొంత పోతుంది. ఒక్క పిల్లాడి పక్కనే కూర్చుంటే పావుగంట గట్టిగా సరిపోతుంది, వాడు అలిసిపోకముందే మీరే ఆపెయ్యండి. రెండు నెలలు వెనకపడ్డాడు అంటున్నారు, ఎవరికంటే వెనక? ఇంట్లో ఉన్నది వాడొక్కడేగా.

ముందు ఓ పది రోజులు తెలుగు వాచకం పక్కన పెట్టేసి, వాడు సరిగ్గా ఎక్కడ ఆగుతున్నాడో చూడండి. ఈలోపు ఒకసారి కళ్ళు కూడా టెస్ట్ చేయించండి. గుణింతాలు వచ్చి వత్తుల దగ్గరే ఆగుతున్నాడంటే అది బద్ధకం కాదు. ద, చ, డ లాంటివాటి వత్తులు చూస్తే అసలు అక్షరం గుర్తుపట్టొచ్చు, తలకట్టు ఒక్కటే ఉండదు. కానీ త, న, మ, య, ర, ల వత్తులున్నాయి చూశారా, అసలు అక్షరానికీ వాటికీ పోలికే ఉండదు, పిల్లాడికి అవి ఆరు కొత్త గుర్తులు అన్నమాట. పెద్దవాళ్ళం మనకి అలవాటైపోయి ఈ సంగతే మర్చిపోతాం.

ఇప్పుడు మీ వాడి బస్సుల దగ్గరికి రండి. చిత్తూరులో త వత్తు, మచిలీపట్నంలో న వత్తు, ఖమ్మంలో మ వత్తు, సూర్యాపేటలో య వత్తు, శ్రీకాకుళంలో ర వత్తు, నెల్లూరులో ల వత్తు, ఆరూ ఊళ్ళ పేర్లలోనే దొరికేశాయి! పల్లెవెలుగు అనే మాట రోజూ కళ్ళముందే తిరుగుతుంది. బస్టాండులో కనిపించని ఊళ్ళుంటే అట్టముక్కల మీద రాసి ఇంట్లో బొమ్మ బస్సులకి తగిలించండి, వారానికి ఒక్క వత్తు చాలు, అది కుదరకపోతే రెండు వారాలు పట్టనివ్వండి.

ఒక్కటి మాత్రం బతిమాలి చెప్తున్నా, బస్టాండులో నిలబెట్టి "ఏదీ ఈ బోర్డు చదువు, ఇప్పుడు అది చదువు" అని పరీక్ష పెట్టకండి, "ఇది చదివితేనే బస్టాండు" అని బేరం అసలే వద్దు. బడిలో జరిగిందే మళ్ళీ జరిగితే వాడికి బస్సులంటేనే విసుగొచ్చేస్తుంది, ఉన్న ఒక్క సంతోషమూ పోతుంది. మీరే "మన బస్సు ఏదిరా, నాకు కనపట్లేదు" అనండి, వాడే వెతుకుతాడు.

లెక్కల్లో వాడు ముందుంటే ఆపకండి, నాలుగో క్లాసు పుస్తకం ఇచ్చెయ్యండి, తెలుగు రెండో క్లాసులో, లెక్కలు నాలుగో క్లాసులో ఉంటే ఇంట్లో చదువుకి వచ్చే నష్టమేమీ లేదు. 7:40కి బయల్దేరిన బస్సు 9:15కి చేరితే ఎంతసేపు పట్టింది అని అడగండి. తీసివేతలో పక్కింటి నుంచి పది అప్పు తెచ్చుకుంటాం కదా, ఇక్కడ గంట దగ్గర తెచ్చే అప్పు 60, ఆ తేడా వాడే పట్టుకుంటే ఆ రోజుకి లెక్కలు అయిపోయినట్టే.

అత్తగారితో వాదించొద్దు. ఆవిడ చిన్నప్పుడు ఏ ఊరికి ఎలా వెళ్ళేవారో, టికెట్ ఎంతుండేదో వాడికి చెప్పమనండి. విన్నది వాడు మీకు చెప్తాడు, వాడి మాటల్లోనే నాలుగు వాక్యాలు పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి. తను చెప్పిన మాటలే కాబట్టి మర్నాడు చదవడానికి భయం ఉండదు. ఇలా కొన్ని నెలలు చేసినా అక్షరాలే తారుమారు అవుతుంటే డిస్లెక్సియా, అంటే చదవడం, రాయడం నేర్చుకోవడంలో వచ్చే ఇబ్బంది, ఉందేమో నిపుణులకి చూపించండి, ఉన్నా దానికి తగ్గట్టు నేర్పే పద్ధతులున్నాయి, భయపడకండి.

టెన్త్ సంగతి. కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్ ఎన్ఐఓఎస్‌లో 14 ఏళ్ళు నిండితే టెన్త్‌కి చేరొచ్చు, తెలుగు మీడియం కూడా ఉంది. అడ్మిషన్ తీసుకున్నాక ఐదేళ్ళ టైం ఉంటుంది, సబ్జెక్టులు విడివిడిగా పాస్ అవ్వొచ్చు. అంతకంటే ముందే ఏదైనా సర్టిఫికెట్ కావాలంటే అక్కడే 3, 5, 8 తరగతుల స్థాయికి ఎ, బి, సి అని లెవెల్స్ ఉన్నాయి. మధ్యలో వాడే మళ్ళీ బడికి వెళ్తానన్నా దారి ఉంది, 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం చదువు మధ్యలో ఆగిన పిల్లల్ని కూడా వయసుకు తగ్గ క్లాసులోనే చేర్చుకోవాలి. మీ వాడికింకా ఎనిమిదేళ్ళే, టెన్త్‌కి ఆరేళ్ళకి పైనే టైం ఉంది, ఈ వారానికి చిత్తూరు బోర్డుతో మొదలుపెట్టండి.