ఆరు నెలల ప్రాజెక్టుకు ట్రయల్ ఎందుకు?

ప్రశ్న: హనుమకొండలో ఫార్మ్‌-డి (ఫార్మసీ కోర్సు) ఐదో సంవత్సరం చదువుతున్నాను. పాముకాటు మీద ప్రాజెక్టు చేద్దామనుకుంటున్నాను. రాండమైజ్డ్ ట్రయల్ (పేషెంట్లను లాటరీ పద్ధతిలో గుంపులుగా విడదీసి చికిత్సలను పోల్చే స్టడీ) చేస్తేనే క్లినికల్ రీసెర్చ్ కంపెనీలు పట్టించుకుంటాయని సీనియర్లు అంటున్నారు. ఆరు నెలల్లో అవుతుందా?
– ఓ విద్యార్థిని

జవాబు: కాదు. అవసరమూ లేదు. ఎథిక్స్ కమిటీ అనుమతి ఏ స్టడీకైనా కావాలి. ట్రయల్‌కైతే మొదటి పేషెంటును చేర్చుకోకముందే సీటీఆర్‌ఐలో (మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) రిజిస్టర్ కూడా చేయాలి. విరుగుడు ఇంజెక్షన్ ఎక్కువ డోసు మేలా, తక్కువ డోసు మేలా అని తేల్చాలంటే ట్రయలే దిక్కు. కానీ మీరు ఆ సంగతి అడగడం లేదు కదా! అసలు మీరింకా ఏ ప్రశ్నా అడగలేదు. పాముకాటు అనేది టాపిక్ మాత్రమే.

ఇలా అడిగి చూడండి: రక్తపింజర కరిచి వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి ఆలస్యంగా వచ్చినవాళ్లలో కిడ్నీలు ఎక్కువగా దెబ్బతింటున్నాయా? చేరిన రోజే కాటు సమయం రాసుకుని, డిశ్చార్జి దాకా క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) చూస్తూ పోతే అది కోహోర్ట్, అంటే ఒక గుంపును కొంతకాలం వెంట ఉండి గమనించే స్టడీ. ములుగు, భూపాలపల్లి వైపు నుంచి కేసులు ఎక్కువగా వచ్చేది వానాకాలంలో. మీ ఆరు నెలలు ఎండాకాలంలో పడితే పేషెంట్లు చాలరు. అప్పుడు పాత కేసు షీట్లతో కేస్‌-కంట్రోల్ చేయొచ్చు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లను ఒకవైపు, దెబ్బతిననివాళ్లను మరోవైపు పెట్టి, ఎవరు ఎంత ఆలస్యంగా వచ్చారో పోల్చాలి. ఈ రెండో గుంపు దగ్గరే చాలామంది బోల్తా పడతారు. వాళ్లు కూడా రక్తపింజర కాటువాళ్లే అయి ఉండాలి. కట్లపాము విషం నరాల మీద పనిచేస్తుంది. ఆ పేషెంట్లను ఇందులో కలిపితే పోలికకు అర్థమే ఉండదు. పైగా ఈ పద్ధతిలో ఆడ్స్ రేషియో (ఆలస్యానికీ కిడ్నీ దెబ్బకూ సంబంధం ఎంత బలమైనదో చెప్పే అంకె) వస్తుందే తప్ప, నూటికి ఎంతమందికి కిడ్నీ పాడైందో చెప్పలేరు.

ఎందుకు ఆలస్యమైందన్నది వేరే ప్రశ్న. మంత్రం వేయించారా, నాటు మందు వాడారా, బండి దొరకలేదా? దానికి కూర్చుని మాట్లాడాల్సిందే, పేషెంట్లతో ఇంటర్వ్యూలే డిజైన్ (స్టడీ చేసే పద్ధతి). 20 నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్షను ఎంతవరకు నమ్మొచ్చన్నది ఇంకో ప్రశ్న. అందుకు ఒకే పేషెంటుకు ఒకేసారి ఆ పరీక్ష, ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే తీరును ల్యాబులో కొలిచే పరీక్ష) రెండూ చేసి పోల్చాలి.

కంపెనీల ఉద్యోగ ఇంటర్వ్యూలో అడిగేది "ఈ డిజైనే ఎందుకు?" అని. పై లెక్క నోటికి వస్తే చాలు, ట్రయల్ పేరు చెప్పి గొప్పలు పోనక్కర్లేదు.

గైడ్ అనుమతితో ముందు రికార్డు రూములో ఓ ఇరవై పాత షీట్లు తిరగేయండి. సగం వాటిలో కాటు సమయం లేకపోతే కేస్‌-కంట్రోల్ మానేసి, ఇంటర్వ్యూల వైపు వెళ్లండి.