శిక్షణ కాలంలో ఇల్లు గడిచేదెలా?

ప్రశ్న: నేను ఒక ఆసుపత్రిలో పారిశుద్ధ్య పని చేస్తున్నాను. నా భర్త అద్దె వాహనం నడుపుతారు. ఇద్దరు పిల్లలు బడికి వెళ్తున్నారు. ఆసుపత్రులతో ఒప్పందం ఉన్న ఒక సంస్థ ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్‌గా 9 నెలల ఉచిత శిక్షణ ఇస్తామంటోంది, కానీ అందులో చేరితే నేను ఉద్యోగం మానుకోవాలి. మరో ప్రైవేటు సంస్థ 3 నెలల కోర్సుకు మా 4 నెలల ఇంటి ఖర్చంత ఫీజు అడుగుతూ, అప్పు కూడా తానే ఇప్పిస్తానని, ఉద్యోగం నూటికి నూరు శాతం ఖాయమని చెబుతోంది. మా దగ్గర 2 నెలల ఖర్చుకు సరిపడా డబ్బు ఉంది. పాత అప్పు ఒకటి మరో 5 వాయిదాల్లో తీరిపోతుంది. ఉచిత శిక్షణకు మరో 6 నెలల్లో ఇంకో బ్యాచ్ కూడా మొదలవుతుంది. మా సంపాదన, ఖర్చు, ఆసుపత్రి ఇస్తామన్న తొలి జీతం వివరాలు విడిగా రాశాను. ఏది ఎంచుకోవాలి?

జవాబు: అమ్మా, రెండో దాని సంగతి ముందు తేల్చేస్తాను. ఆ కోర్సులో చేరవద్దు. ఉద్యోగం ఖాయమని చెబుతున్నది ఫీజు తీసుకునే సంస్థే తప్ప జీతం ఇవ్వవలసిన యజమాని కాదు. ఉద్యోగం రాకపోయినా వాయిదాలు ఆగవు. అప్పు ఇప్పించే చెయ్యి, హామీ ఇచ్చే చెయ్యి ఒకటే అయినప్పుడు ఆ హామీని నమ్మి సంతకం పెట్టడం మీలాంటి కుటుంబానికి మోయలేని భారమవుతుంది.

ఇక మొదటి శిక్షణ. ఇది మంచి అవకాశంగానే కనిపిస్తోంది కాని, ఉచితం అన్న మాటను నేను ఒప్పుకోలేను. ఫీజు లేదు, నిజమే. కానీ ఆ 9 నెలలు మీరు వదులుకునే జీతమే దీని అసలు ధర, ఆ ధర చెల్లించేది మీ ఇల్లు. ఇలాంటి శిక్షణల్లో చేరిన కుటుంబాల లెక్కలు చూస్తూ వచ్చిన నాకు ఒక విషయం మళ్లీ మళ్లీ ఎదురైంది: మధ్యలో మానేసినవారిలో పాఠం అర్థంకాక మానేసినవారు తక్కువ. నాలుగో నెలలో అద్దె కట్టలేక, బిడ్డకు జ్వరం వస్తే చూసుకునే మనిషి లేక మానేసినవారే ఎక్కువ. వారంతా అప్పటికే నాలుగు నెలల జీతం పోగొట్టుకున్నారు, చేతికి ధ్రువపత్రమూ రాలేదు.

ఈ విషయంలో అమెరికా అనుభవం ఒకటి మీకు పనికొస్తుంది. టెక్సస్ రాష్ట్రంలోని శాన్ ఆంటోనియో నగరంలో 1990లో ఒక పెద్ద దుస్తుల కర్మాగారం మూతపడి దాదాపు 1,000 మంది ఉపాధి కోల్పోయినప్పుడు, అక్కడి పౌర సంఘాలు ముందుగా యజమానుల దగ్గరకు వెళ్లి, మీకు ఎలాంటి పనివారు కావాలి, శిక్షణ ఇప్పిస్తే ఉద్యోగం ఇస్తారా అని అడిగి మాట తీసుకున్నాయి. ఆ తరువాతే, 1992లో, ప్రాజెక్ట్ క్వెస్ట్ అనే శిక్షణ కార్యక్రమాన్ని స్థాపించాయి. పాఠాలతోపాటు ప్రయాణ ఖర్చులకు, పిల్లల సంరక్షణకు సాయం చేశారు, వారం వారం సలహాదారు కూర్చుని మాట్లాడే ఏర్పాటూ చేశారు. 2006 నుంచి 2008 వరకు ఆరోగ్య రంగపు కోర్సుల కోసం వచ్చిన 410 మందిని లాటరీ పద్ధతిలో రెండు వర్గాలుగా విడదీసి, ఒక వర్గానికి మాత్రమే ఈ కార్యక్రమంలో చోటిచ్చి, ఏళ్ల తరబడి వారి సంపాదన గమనించారు. మొదటి ఏడాది శిక్షణ పొందుతున్నవారి సంపాదన మిగిలినవారికంటే తక్కువగా ఉంది. మూడో ఏడాది నుంచి పరిస్థితి తారుమారైంది. ఆరో ఏటికి వారు మిగిలినవారికంటే ఏడాదికి 5,000 డాలర్లకు పైగా ఎక్కువ సంపాదించారు. బోస్టన్, మిల్వాకీ, న్యూయార్క్ నగరాల్లో యజమానులతో కలిసి తాము ఎంచుకున్న రంగాలకు శిక్షణ ఇచ్చిన మూడు సంస్థలపై 2010లో వెలువడిన అధ్యయనంలో కూడా 2 ఏళ్ల వ్యవధిలో సంపాదన 18 శాతం ఎక్కువగా తేలింది.

అంటే ఫలితం ఉంది, కానీ దానికి ముందు ఒక పల్లం ఉంది. ఆ పల్లం దాటడానికి మీ దగ్గర ఎంత ఉందో ఇప్పుడు లెక్క వేద్దాం.

మీ నెల ఖర్చును 100 అనుకోండి. ఉత్తరంలో మీరు రాసిన వివరాల ప్రకారం మీ భర్త సంపాదన 70, మీది 40, ఖర్చుకు అదనంగా పాత అప్పు వాయిదా 10. వచ్చేదీ పోయేదీ సరిసమానం. మీరు ఇప్పుడే ఉద్యోగం మానేస్తే మొదటి 5 నెలలు నెలకు 40 చొప్పున, అప్పు తీరాక 30 చొప్పున తక్కువ పడుతుంది. చాలామంది మరిచిపోయేది ఇంకొకటి ఉంది: శిక్షణ ముగిసిన మర్నాడే జీతం రాదు. పరీక్ష, ఫలితం, నియామకం, ఆ తరువాత నెల తిరిగాక మొదటి జీతం. దీనికి మరో 2 నెలలు కలిపి మొత్తం 11 నెలలు అనుకోవాలి. లోటు 380. బస్సు ఛార్జీలకు, పిల్లలను చూసుకునే మనిషికి 50. మొత్తం 430. మీ దగ్గర ఉన్నది 200. వారాంతాల్లో ఏదో ఒక పని చేసి నెలకు 10 చొప్పున తెచ్చుకున్నా ఇంకా 120 అప్పు చేయవలసి వస్తుంది. చేతిలో పైసా లేకుండా, కొత్త అప్పుతో ఆ 11 నెలలు గడపమని నేను చెప్పలేను.

మరో 6 నెలల్లో ఇంకో బ్యాచ్ మొదలవుతుందని మీరే రాశారు. అందులో చేరండి. అప్పటికి పాత అప్పు తీరిపోతుంది కాబట్టి 11 నెలలకూ లోటు నెలకు 30 మాత్రమే. వారాంతపు సంపాదన తీసివేసి, ప్రయాణం, పిల్లల ఖర్చు కలిపితే మొత్తం 270. వాయిదా లేని ఆరో నెలలో మిగిలే 10 కలిపి మీ చేతిలో ఉండేది 210. అందులో 50 జబ్బులకని విడిగా ఉంచి, దాన్ని ముట్టుకోకూడదు. అప్పుడు 110 తక్కువ పడుతుంది. ఆ ప్రయాణ, పిల్లల ఖర్చు 50 భరించమని శిక్షణ సంస్థను, దాని వెనకున్న ఆసుపత్రులను అడగండి. అడగడానికి మొహమాటపడవద్దు. శిక్షణ పొందిన మనిషి దొరకడం వారికి లాభం. అమెరికాలోని ఇయర్ అప్ అనే కార్యక్రమంలో యువతను ఇంటర్న్‌లుగా తీసుకునే కంపెనీలు ఆ కార్యక్రమానికి డబ్బు చెల్లిస్తాయి. జర్మనీలో అప్రెంటిస్‌కు నేర్చుకునే రోజుల్లోనే యజమాని భత్యం ఇస్తాడు, అది ఆ దేశంలో చట్టబద్ధమైన ఏర్పాటు. మీ శిక్షణ సంస్థ, ఆసుపత్రులు ఒప్పుకుంటే మిగిలే 60 మాత్రమే పొదుపు సంఘం వంటి తక్కువ వడ్డీ చోట తీసుకోండి.

ఆసుపత్రి చెప్పిన తొలి జీతం మీ లెక్కలో 65 అవుతుంది, అంటే ఇప్పటికంటే నెలకు 25 ఎక్కువ. వదులుకున్న సంపాదన, చేసిన ఖర్చు తిరిగి రావడానికి ఉద్యోగంలో చేరాక దాదాపు 15 నెలలు పడుతుంది. ఆ తరువాత వచ్చేదంతా మీ కుటుంబానిదే. ఆదాయం పెరిగితే ఇప్పుడు అందుతున్న ఏదైనా ప్రభుత్వ సాయానికి అర్హత పోతుందేమో కూడా ముందే కనుక్కోండి.

చేరే ముందు ఒప్పందం కాగితం చూపించమని అడగండి. అందులో ఆసుపత్రి పేరు, ఖాళీల సంఖ్య, తొలి జీతం రాసి ఉండాలి. గత బ్యాచ్‌లో ఎంతమందికి ఉద్యోగం వచ్చిందని అడిగితే గొప్ప అంకె ఒకటి చెబుతారు. మీరు అడగవలసినది ఏడాది తరువాత ఎంతమంది అదే పనిలో ఉన్నారు అని. వీలైతే వారిలో ఇద్దరితో నేరుగా మాట్లాడండి. ఉద్యోగం మధ్యలో మానేస్తే డబ్బు కట్టాలనే బాండ్ ఉందేమో చూడండి. విద్యార్హతల ఒరిజినల్స్ ఎవరి దగ్గరా ఉంచవద్దు, నకళ్లు మాత్రమే ఇవ్వండి.

ఒక్క విషయం ఈ 6 నెలల్లోనే పూర్తి చేయాలి. ఆ 11 నెలలు ఇల్లు మీ భర్త సంపాదన మీదే నిలబడుతుంది, ఆయన పని రోడ్డు మీద. ఆయన పేరున టర్మ్ బీమా, ప్రమాద బీమా తీసుకుని, నామినీగా మీ పేరు రాయించి, మొదటి ప్రీమియం మీరు ఉద్యోగం మానక ముందే కట్టేయండి.