హార్డ్ బాప్ ఆల్బమ్‌లను హై-రెస్‌లో కొనాలా? మొదట ఏవి వినాలి?

కొత్తగా ఒక డాక్ (డిజిటల్ ఫైలును వినే శబ్దంగా మార్చే పరికరం), మంచి వైర్డ్ హెడ్‌ఫోన్లు కొన్నారు. హార్డ్ బాప్ (బ్లూస్, చర్చి పాటల ఛాయ ఉన్న 1950ల నాటి జాజ్ శైలి) బృందాల ఆల్బమ్‌లు పోగుచేసుకుందామంటే, ఒకే ఆల్బమ్ సీడీ స్థాయిలో ఒక ధరకు, హై-రెస్ అంటూ 24 బిట్ 192 కిలోహెర్ట్జ్ పేరుతో అంతకన్నా ఎక్కువ ధరకు కనిపిస్తోంది. తేడా నిజంగా వినిపిస్తుందా, వేటితో మొదలుపెట్టాలి అని మీ ప్రశ్న.

సూటిగా చెబుతాను. హై-రెస్ కొనండి, కానీ ఆ అంకెల కోసం కొనకండి. స్టూడియోలో తయారైన అసలు టేపును, అంటే మాస్టర్ టేపును, శ్రద్ధగా డిజిటల్‌లోకి ఎక్కించిన కాపీ చాలాసార్లు హై-రెస్ రూపంలోనే దొరుకుతుంది. డబ్బు పెట్టాల్సింది ఆ శ్రద్ధకు.

ఈ మాట ఊరికే అనడం లేదు. డ్రమ్మర్ ఆర్ట్ బ్లేకీ, ఆయన జాజ్ మెసెంజర్స్ బృందం చేసిన ‘మోనిన్’ 24/192 ఫైలు నా దగ్గర ఉంది. దాని నుంచే కంప్యూటర్‌లో 16 బిట్ 44.1 కిలోహెర్ట్జ్, అంటే సీడీ స్థాయి ప్రతి ఒకటి తయారుచేశాను. మూడోది ఎప్పటినుంచో నా దగ్గరున్న పాత సీడీ. మూడింటి శబ్దస్థాయినీ సమానం చేసి, ఏది మోగుతోందో చెప్పకుండా మారుస్తూ ఉండమని తమ్ముడిని కూర్చోబెట్టాను. పాత సీడీ మోగిన ప్రతిసారీ వెంటనే పోల్చుకోగలిగాను. సింబళ్లు (డ్రమ్స్‌లోని ఇత్తడి పళ్లేలు) గరుకుగా ఉంటాయి, ట్రంపెట్ మీదికి దూసుకొస్తుంది, బాస్ వెనక్కి తగ్గుతుంది. మిగతా రెండింటి మధ్య మాత్రం నాకు ఏ తేడా తెలియలేదు. హెడ్‌ఫోన్లు మార్చి విన్నా అంతే. మీరూ ఇంట్లో చేసి చూడండి. అయితే శబ్దస్థాయి సమానం చేయడం మరచిపోవద్దు. రెండింటిలో కాస్త పెద్దగా మోగేదే బాగున్నట్టు చెవికి అనిపిస్తుంది, అక్కడితో పరీక్షకు అర్థం ఉండదు.

కారణం లెక్కలోనే ఉంది. 16 బిట్ ఫైలులో అతి మెల్లని శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య సుమారు 96 డెసిబెల్స్ అంతరం పడుతుంది. 24 బిట్‌లో లెక్కప్రకారం 144. 1950ల నాటి టేపులో సంగీతానికీ, టేపు సొంత ‘స్’ అనే సద్దుకూ మధ్య ఉండే అంతరం వీటిలో చిన్నదానికే చాలా తక్కువ. ఇక 44.1 కిలోహెర్ట్జ్ అంటే 22 కిలోహెర్ట్జ్ దాకా ఉన్న శబ్దాన్ని పట్టుకోగలదు. వయసులో ఉన్న చెవి కూడా 20 దాటి వినలేదు. మరి 192 ఎందుకంటే, పాత టేపును భద్రపరచడానికి, ఆ తర్వాత స్టూడియోలో దాని మీద పనిచేయడానికి అది సౌకర్యం. వినడానికి మాత్రం మాస్టరింగ్ (విడుదలకు ముందు శబ్దానికి తుది మెరుగు దిద్దడం) చేసినవారి చెవి, చెయ్యి ముఖ్యం.

హార్డ్ బాప్ విషయంలో ఇది మరీ నిజం. ఈ సంగీతాన్ని మనం గుర్తుపట్టే శబ్దంలో సగం రికార్డింగ్ ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్ చేతి చలవే. ఆయన పగలు కళ్లు పరీక్షించి అద్దాలు రాసిచ్చే ఆప్టోమెట్రిస్టు. న్యూజెర్సీలోని హాకెన్‌సాక్‌లో తల్లిదండ్రుల ఇంటి ముందుగదిలో రికార్డింగులు చేసేవారు. 1959లో ఆ ఉద్యోగం మానేసి, దగ్గరలోని ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో 39 అడుగుల ఎత్తు చెక్క కప్పుతో సొంత స్టూడియో కట్టుకున్నారు. 1959కి ముందు ఆల్బమ్, తర్వాతి ఆల్బమ్ ఒకదాని వెంట ఒకటి పెట్టి వింటే గది మారిన సంగతి తెలిసిపోతుంది. హాకెన్‌సాక్‌లో శాక్సోఫోన్ మీ పక్క కుర్చీలోంచి వాయించినట్టుంటుంది. ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో ఊదిన స్వరం చుట్టూ గాలి ఆడుతుంది. టేపు నుంచి డిజిటల్‌లోకి మంచి బదిలీ ఏదో తేల్చుకోవడానికి నేను మొదట వెతికేది ఈ గది తేడానే. అది వినిపించలేదంటే ఆ ప్రతి ఎన్ని కిలోహెర్ట్జ్‌లైనా నాకు అక్కర్లేదు.

ఆయన మైకులను వాద్యాలకు బాగా దగ్గరగా పెట్టేవారు. అందుకే శాక్సోఫోన్ నోటి దగ్గరుండే రీడ్ మీద పెదవి కదలిక, ఊపిరి తీసుకోవడం, సింబల్ మీద కర్ర మొన తగలడం అన్నీ టేపులోకి ఎక్కాయి. పియానో మాత్రం ఆయన చేతిలో కాస్త ఇరుగ్గా, డబ్బాలో పెట్టినట్టు పలుకుతుంది. దాన్ని ఏ హై-రెస్ ఫైలూ విప్పదీయలేదు, విప్పదీస్తుందని ఆశపడకండి.

కొనే ముందు ఇంకొకటి చూడాలి: మోనోనా, స్టీరియోనా అన్నది. వాన్ గెల్డర్ బ్లూ నోట్ కంపెనీకి 1957లో రెండు ట్రాకుల టేపు మీద కూడా రికార్డు చేయడం మొదలుపెట్టారు. కానీ ఆ తొలి రోజుల్లో అందరూ విని సరిచూసుకున్నది మోనోనే. ఆనాటి స్టీరియోలో వాద్యాలు ఎడమకూ కుడికీ విడిపోయి ఉంటాయి. స్పీకర్లలో వింటే ఫర్వాలేదు గానీ, మీలా హెడ్‌ఫోన్లలో వినేవారికి ఒక చెవిలో ఒకరు, ఇంకో చెవిలో ఇంకొకరు చేరి బృందం చెదిరిపోతుంది. 1957, 1958 నాటి ఆల్బమ్‌కు మోనో హై-రెస్ ప్రతి కూడా దొరికితే నేను దాన్నే ఎంచుకుంటాను. ఇక 1954, 1955 నాటి ఆల్బమ్ మీద ‘స్టీరియో’ అని రాసి ఉంటే ముట్టుకోకండి. మోనో టేపును తర్వాతి కాలంలో యంత్రాలతో రెండుగా చీల్చి అమ్మిన రికార్డులు చాలా ఉన్నాయి.

ఇప్పుడు ఆల్బమ్‌లు. అన్నింటికన్నా ముందు ‘మోనిన్’. 1958 అక్టోబర్ 30న హాకెన్‌సాక్‌లో రికార్డు చేశారు. ట్రంపెట్ మీద లీ మోర్గన్, అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు. టెనర్ శాక్సోఫోన్ బెనీ గోల్సన్, పియానో బాబీ టిమ్మన్స్, బాస్ జిమీ మెరిట్, డ్రమ్స్ బ్లేకీ. పేరు పాట టిమ్మన్స్‌ది. మొదట పియానో ఒంటరిగా ఒక వరుస వేస్తుంది, బృందమంతా రెండే రెండు స్వరాలతో జవాబిస్తుంది. తర్వాత అదే వరుసను ట్రంపెట్, శాక్సోఫోన్ అందుకుంటాయి, ఈసారి జవాబు చెప్పడం పియానో, బాస్, డ్రమ్స్ వంతు. నల్లజాతి చర్చిలో ప్రసంగికుడి మాటకు జనం ‘ఆమెన్’ అనడం దీని మూలం. భజనలో ఒకరు అందిస్తే తక్కినవారు అందుకోవడం ఎరిగిన మనవాళ్లకు మొదటిసారి వినగానే ఒంటబడుతుంది. నాసిరకం ప్రతిలో ఆ రెండు స్వరాల జవాబు ఒకే ముద్దగా వినిపిస్తుంది. మంచి ప్రతిలో ట్రంపెట్ అంచు, శాక్సోఫోన్ గరగర, కింద బాస్ మోత మూడూ విడివిడిగా తెలుస్తూనే ఒక్కటిగా పడతాయి. అదే ఆల్బమ్‌లో ‘బ్లూస్ మార్చ్’ బ్లేకీ సైనిక కవాతు డ్రమ్ముతో మొదలవుతుంది. అక్కడ కర్ర తోలు మీద పడే దెబ్బ, కింద తీగలు చేసే జలజల వేరువేరుగా వినిపిస్తున్నాయా అని చూడండి. కొత్త ప్రతి ఏది కొన్నా నేను ముందు ఈ రెండు చోట్లా విని గాని ముందుకు వెళ్లను.

తర్వాత జాన్ కోల్ట్రేన్ ‘బ్లూ ట్రైన్’, 1957 సెప్టెంబర్ 15. బృందం అన్న మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. టెనర్, ట్రంపెట్, ట్రాంబోన్ మూడూ కలిసి ప్రధాన బాణీ ఎత్తుకుంటాయి. ట్రాంబోన్ వాయించింది కర్టిస్ ఫుల్లర్. ఆ ఇత్తడి మధ్యస్వరం వల్లే బాణీకి అంత బరువు వచ్చింది. ‘మొమెంట్స్ నోటీస్’లో ఆ ముగ్గురూ ఎంత కచ్చితంగా కలిసి ఆగి, కలిసి లేస్తారో గమనించండి. ఇలాంటి కుదురు వెనక బ్లూ నోట్ యజమాని ఆల్ఫ్రెడ్ లయన్ పద్ధతి ఒకటుంది: రికార్డింగుకు ముందు రిహార్సల్స్ పెట్టించి, ఆ సమయానికి కూడా వాద్యకారులకు డబ్బు ఇచ్చేవారు. అప్పట్లో చాలా కంపెనీలు ఆ ఖర్చు పెట్టలేదు. రెండు మూడు ఊదే వాద్యాలకు రాసిన చిక్కు బాణీలు అంత నున్నగా రావడానికి ఇది పెద్ద కారణమని నా నమ్మకం. ‘బ్లూ ట్రైన్’కు మోనో, స్టీరియో రెండూ మంచి బదిలీలు ఉన్నాయి. హెడ్‌ఫోన్లకు మోనో.

మెత్తగా మొదలుపెట్టాలనుకుంటే కానన్‌బాల్ అడర్లీ ‘సమ్‌థింగ్ ఎల్స్’, 1958 మార్చి 9. ‘ఆటమ్ లీవ్స్’లో మైల్స్ డేవిస్ మ్యూట్ (శబ్దాన్ని అణిచే మూత) బిగించిన ట్రంపెట్‌ను మైకుకు ఆనించినంత దగ్గరగా వాయిస్తాడు. ఆ లోహపు సన్నని జుమ్మును పాత సీడీలు గీరినట్టు వినిపిస్తాయి, సరైన బదిలీలో అది పట్టులా జారుతుంది. ఎవరికైనా తేడా చూపించాలంటే నేను పెట్టేది ఇదే.

సోనీ క్లార్క్ ‘కూల్ స్ట్రటిన్’ కూడా అదే ఏడాది జనవరిలో చేసినది. అమెరికాలో కన్నా జపాన్‌లో దీనికి అభిమానులు ఎక్కువ, అక్కడివాళ్ల అభిరుచికి నేను చేతులెత్తి దండం పెడతాను. ఆర్ట్ ఫార్మర్ ట్రంపెట్ నెమ్మది, జాకీ మెక్లీన్ ఆల్టో శాక్సోఫోన్ కారం. క్లార్క్ 1963లో 31 ఏళ్లకే పోయాడు. ఈ ఆల్బమ్ విన్నాక ఆ సంగతి మనసును కలుక్కుమనిపిస్తుంది.

హొరేస్ సిల్వర్ ‘సాంగ్ ఫర్ మై ఫాదర్’, లీ మోర్గన్ ‘ది సైడ్‌వైండర్’ ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్ కాలం నాటివి. వీటికి స్టీరియోనే తీసుకోండి, అప్పటికి వాన్ గెల్డర్ దాని మీద పట్టు సాధించారు. సిల్వర్ తండ్రి కేప్ వెర్డె దీవుల మనిషి. పేరు పాటలో ఆ దీవుల లయ ఛాయ ఉంది, ముఖచిత్రం మీద టోపీతో ఉన్నది ఆ తండ్రే. ‘సైడ్‌వైండర్’లో అందరూ లీ మోర్గన్‌ను వింటారు, మీరు మాత్రం ఒకసారి బిల్లీ హిగ్గిన్స్ సింబల్‌నే పట్టుకుని చివరిదాకా వెళ్లండి.

హై-రెస్‌కు అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదని నేను చెప్పే ఆల్బమ్ ఒకటుంది: బ్లేకీ బృందం 1964 ఫిబ్రవరిలో చేసిన ‘ఫ్రీ ఫర్ ఆల్’. ఫ్రెడీ హబ్బర్డ్, వేన్ షార్టర్, కర్టిస్ ఫుల్లర్ ఊదుతుంటే వెనక బ్లేకీ విరుచుకుపడతాడు. శబ్దం టేపు పట్టగలిగినంతా నిండి అక్కడక్కడా చీలుతుంది. ఆ చీలిక టేపులోనే ఉంది, కాబట్టి సీడీ చాలు. సంగీతం మాత్రం నాకు ప్రాణం.

మూలాల దాకా వెళ్లాలంటే 1954 ఫిబ్రవరి 21 రాత్రి న్యూయార్క్‌లోని బర్డ్‌లాండ్ క్లబ్బులో బ్లేకీ, సిల్వర్, క్లిఫర్డ్ బ్రౌన్, లూ డొనాల్డ్‌సన్, కర్లీ రసెల్ కలిసి వాయించిన ‘ఎ నైట్ ఎట్ బర్డ్‌లాండ్’ వినండి. క్లబ్బులో జనం మధ్య చేసిన మోనో రికార్డింగు, చప్పుడు ఉంటుంది. క్లిఫర్డ్ బ్రౌన్ ఆ తర్వాత రెండేళ్లకే, 25 ఏళ్ల వయసులో కారు ప్రమాదంలో చనిపోయాడు. మాక్స్ రోచ్‌తో కలిసి 1955లో చేసిన ‘స్టడీ ఇన్ బ్రౌన్’ కూడా వదలకండి. హార్డ్ బాప్ ట్రంపెట్ అంటే ఏమిటో ఆ రెండు ఆల్బమ్‌లే చెబుతాయి.

పరికరాల గురించి నాలుగు మాటలు. బ్లూటూత్‌లో మామూలుగా శబ్దం కుదించుకునే వెళుతుంది, కాబట్టి తీగ తప్పనిసరి. ఆపిల్ మ్యూజిక్‌లో అదనపు రుసుము లేకుండా 24/192 దాకా వస్తుంది, అయితే సెట్టింగులలో హై-రెస్ లాస్‌లెస్ ఎంచుకోవాలి, బయటి డాక్ కలపాలి. ఫైళ్లు అమ్మే దుకాణాలలో కొన్ని ఆల్బమ్‌లు అన్ని దేశాలలోనూ అమ్మరు, డబ్బు కట్టే ముందు సరిచూసుకోండి. స్థలం కూడా లెక్కేసుకోండి: 24/192 స్టీరియో కుదించకుండా నిమిషానికి సుమారు 69 మెగాబైట్లు, సీడీ స్థాయి అయితే 10.6. నాణ్యత పోకుండా కుదించే ఫ్లాక్ ఫార్మాట్‌లో రెండూ బాగా తగ్గుతాయి.

కొన్న ఫైలు అసలైనదేనా అని అనుమానం వస్తే శబ్దాన్ని బొమ్మగా చూపించే స్పెక్ అనే ఉచిత ప్రోగ్రాంలో తెరిచి చూడండి. సీడీ నుంచి ఉబ్బించిన ఫైలులో 22 కిలోహెర్ట్జ్ దగ్గర గీత గీసి కోసినట్టు బొమ్మ ఆగిపోతుంది. టేపు నుంచి నేరుగా తీసినదానిలో టేపు సద్దు ఆ పైన కూడా పలచగా సాగుతుంది. గీత కనిపిస్తే డబ్బు వెనక్కి అడగండి.

ప్రస్తుతానికి ఒక్కదానికే డబ్బు పెట్టగలిగితే ‘బ్లూ ట్రైన్’ మోనో కొనండి. ‘మోనిన్’, ‘సమ్‌థింగ్ ఎల్స్’ ముందు స్ట్రీమింగ్‌లో విని, నచ్చినదాన్ని తర్వాత తీసుకోండి. మీ డాక్, హెడ్‌ఫోన్లు ఏవో రాస్తే అమరికల్లో నాకు చేతనైన సాయం చేస్తాను.