నిమ్మ మొక్కల ఆకులు పసుపుబారి రాలిపోతున్నాయి

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా పొదలకూరు మండలం. అరెకరంలో నాటిన నిమ్మ మొక్కలకు ఇప్పుడు రెండేళ్లు. నవంబరు వానలు వెలిసిన తరువాత, పల్లపు వైపున ఉన్న కొన్ని మొక్కలలో ముందుగా ఈనెలు, తరువాత ఆకంతా పసుపుబారి, కొమ్మ కదిపితే చాలు రాలిపోతున్నాయి. రెండుసార్లు యూరియా వేసినా గుణం కనిపించలేదు. జింకు లోపమని ఒకరు, వైరస్ అని మరొకరు అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక రైతు

జవాబు: మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే లోపం ఆకులో కాక వేరులో ఉన్నట్లు తోస్తున్నది. జింకు లోపమైతే లేత ఆకులు చిన్నవై, సన్నబడి, ఈనెలు ఆకుపచ్చగానే ఉండి వాటి నడుమ భాగం పసుపుబారుతుంది. మీ తోటలో జరుగుతున్నది దానికి సరిగ్గా వ్యతిరేకం. నత్రజని లోపమైతే ముదురాకులు ఒకే తీరుగా పాలిపోతాయి, అది పల్లానికే పరిమితం కాదు. ఈనెలు ముందుగా పసుపుబారడం, అదీ నీరు నిలిచిన చోటనే కావడం వేరుకుళ్లుకు, మొదలు దగ్గర బెరడు దెబ్బతినడానికి గుర్తు. ఫైటోఫ్తోరా అనే, శిలీంధ్రాన్ని పోలిన సూక్ష్మజీవి తడి ఆరని నేలలో ఈ రెండింటికీ కారణమవుతుంది.

అనుమానం తీర్చుకోవడానికి పాదులో మట్టిని మెల్లగా తొలగించి పీచు వేళ్లను చూడండి. వేలితో లాగితే పై తొక్క ఊడి, లోపలి సన్నని దారం మాత్రమే మిగిలితే అది కుళ్లు. నేలకు ఆనుకున్న మొదలుపై బంక కారుతున్నదేమో, అక్కడ బెరడును గీస్తే లోపల గోధుమ రంగు ఉన్నదేమో కూడా గమనించాలి.

వైరస్ మాటను కొట్టివేయలేము. లేత ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే ఈనెలలో అక్కడక్కడ పారదర్శకమైన చారలు కనిపించడం ట్రిస్టెజా అనే వైరస్ తెగులు లక్షణం; నిమ్మ ఈ తెగులును ఎంత స్పష్టంగా చూపుతుందంటే, పరిశోధకులు దానిని గుర్తించడానికి నిమ్మ మొక్కనే వాడతారు. దీనిని పేనుబంక వ్యాప్తి చేస్తుంది. ఆకుకు నడిమి ఈనె ఇరువైపులా ఒకదానికొకటి పొంతన లేని పసుపు మచ్చలు ఉంటే అది గ్రీనింగ్ అనే బ్యాక్టీరియా తెగులు కావచ్చు. ఈ రెండింటికీ మందు లేదు.

కుళ్లే అని తేలితే మొదట యూరియా ఆపండి, ఎందుకంటే దెబ్బతిన్న వేరు దానిని తీసుకోలేదు సరికదా మరింత మాడుతుంది. పల్లం నుండి నీరు బయటకు పోయేలా కాలువ తీయండి. చెట్టు మొదలుకు నీరు తగలకుండా లోపల ఒక చిన్న కట్ట, దాని వెలుపల నీటి పాదు ఉండేలా రెండు వరుసల పాదులు చేయడం మన ప్రాంతపు తోటలన్నిటికీ అవసరం. నా దృష్టిలో మందుకంటే ఇదే ముఖ్యం. కుళ్లిన బెరడును గోకి, కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీటితో చేసిన బోర్డో పేస్టు పూయండి. మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందును లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున కలిపి పాదు తడిచేలా పోయండి. ట్రైకోడెర్మా (తెగుళ్లను అణచే మేలైన శిలీంధ్రం) కలిపిన పశువుల ఎరువును మాత్రం వెంటనే వేయకండి. ఈ మందు పోసిన తరువాత కనీసం 15 రోజులైనా ఆగాలి, లేకుంటే ట్రైకోడెర్మా పనిచేయదు.

కొత్త చివుళ్లు వచ్చిన తరువాతనే ఎరువుల సంగతి ఆలోచించాలి. అప్పటికీ చివుళ్లు పసుపుగానే ఉంటే, ఆకులు, వేళ్లు, మట్టి నమూనాలను వెంకటగిరి దగ్గరి పెట్లూరు నిమ్మ పరిశోధనా స్థానం శాస్త్రవేత్తలకు చూపించండి.