గేదె ఎదకు రావట్లేదని సూది వేయించే ముందు

ఈని ఐదు నెలలైనా మీ గేదె ఎదకు రాలేదని, ఊళ్లో అందరూ ఎద సూది వేయించెయ్యమంటున్నారని రాశారు. తొందరపడకండి. పాలకొల్లు దగ్గర మా ఇంట్లో ఎప్పటినుంచో గేదెలే. నేను చూసినంతలో, రావట్లేదు అనుకున్న వాటిలో చాలావాటికి ఎద వస్తూనే ఉంటుంది, మన కంట పడదంతే.

ఆవైతే అరుస్తుంది, పక్క పశువుల మీదకు ఎక్కుతుంది. గేదె అలా బయటపడదు, దీన్నే మూగ ఎద అంటారు. పైగా ఆ కాస్త లక్షణాలూ రాత్రిపూట, తెల్లవారుజామునే ఎక్కువ. మా అమ్మ పాలు తీయడానికి వెళ్లగానే ముందు టార్చిలైటు వేసి, గేదె పడుకున్న చోట వెనకవైపు నేల చూస్తుంది. గాజులా తేటగా, సాగుతూ జిగురు తీగలు నేల మీదో తోక కుచ్చుకో అంటుకుని ఉంటే ఎదకొచ్చినట్టే. నిలబడినప్పుడు తీగ కనిపించకపోవచ్చు, పడుకున్నప్పుడే జారుతుంది. మానం ఉబ్బి ముడతలు పోవడం, మాటిమాటికీ కొద్దికొద్దిగా మూత్రం పోయడం, ఆ పూట సరిగా చేపకపోవడం కూడా గుర్తులే. తీగల్లో చీము కనిపిస్తే మాత్రం ముందు గర్భాశయానికి వైద్యం కావాలి.

ఇక సూది సంగతి. అండం విడుదలైన చోట అండాశయం మీద కార్పస్ లూటియం అనే చిన్న గడ్డ తయారవుతుంది. అది ప్రొజెస్టరాన్ అనే హార్మోను వదులుతున్నంతకాలం మళ్లీ ఎద రాదు. చూడి కట్టకపోతే 16, 17 రోజులకు గర్భాశయమే ప్రోస్టాగ్లాండిన్ అనే హార్మోను వదిలి ఆ గడ్డను కరిగిస్తుంది. అందుకే సుమారు 21 రోజులకోసారి ఎద తిరిగొస్తుంది. ఎద సూది అని ఎక్కువగా వేసేది ఈ ప్రోస్టాగ్లాండిన్‌నే. కరగడానికి గడ్డంటూ ఉంటేనే అది పనిచేస్తుంది. అండాశయాలు మందగించిన గేదెకు వేస్తే డబ్బు దండగ. మీకు తెలియకుండా దున్నపోతు కలిసి చూడి నిలిచి ఉంటే మాత్రం ఈసుకుపోతుంది. కాబట్టి ముందు పశువుల డాక్టరుగారి చేత చెయ్యి పెట్టించి చూపించండి.

అండాశయాలు మందగించాయని తేలితే మేత చూసుకోవాలి. మన డెల్టాలో ఏడాదిలో చాలాకాలం ఎండు వరిగడ్డే ఆధారం. అందులో మాంసకృత్తులు, భాస్వరం తక్కువ. దానిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటబట్టనివ్వవు. పాలిస్తూ ఒళ్లు తీసేసిన గేదెకు అది ఏమాత్రం చాలదు. తవుడు, పిండిచెక్కతో పాటు రోజూ 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం పెట్టండి. దాళ్వా (రెండో పంట వరి) వేయని చేను ఉంటే సార్వా (వానాకాలం వరి) కోతకు ముందు పిల్లిపెసర చల్లుకోండి, దాన్ని మించిన పచ్చిమేత మనకు లేదు. కాలవగట్ల మీద మేసే పశువుకు నత్తల వల్ల కార్జపు జలగలు పడతాయి, పేడ పరీక్ష తప్పకుండా చేయించండి. ఎండాకాలం మధ్యాహ్నాలు నీళ్లలో ఉంచాలి. గేదెకు చెమట గ్రంథులు తక్కువ, వేడికి ఎద ఇంకా అణిగిపోతుంది.

పొద్దున ఎద గుర్తిస్తే సాయంత్రం, సాయంత్రం గుర్తిస్తే మర్నాడు పొద్దున సెమెన్ వేయించండి. అండం విడుదలయ్యేది ఎద తగ్గాకే. తేదీ కేలండర్లో రాసుకుని, 18వ రోజు నుంచి 24వ రోజు దాకా మళ్లీ తెల్లవారుజామున చూడండి. ఏమీ కనిపించకపోయినా చూడి కట్టిందని అనుకోవద్దు, ఎద మూగగా వచ్చి పోయి ఉండొచ్చు. రెండు నెలలు దాటాక చూడి పరీక్ష చేయించండి.