న్యాయ సలహా: ఒకే ఘటనపై పోలీసు నోటీసు, కౌన్సిల్ నోటీసు

ప్రశ్న: నేను సర్జన్‌ని. ఆపరేషన్ తర్వాత పేషెంట్ చనిపోతే బంధువులు కేసు పెట్టారు. పోలీసుల నుంచి 35(3) నోటీసు (అరెస్టు చేయకుండా విచారణకి హాజరు కమ్మని ఇచ్చేది), అదే వారంలో రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ నుంచి సంజాయిషీ నోటీసు వచ్చాయి. దాచేదేమీ లేదు కనుక రెండింటికీ నేనే జవాబు రాసేద్దామనుకుంటున్నాను. లాయరు అవసరమా?

జవాబు: అవసరమే. ముఖ్యంగా కౌన్సిల్ జవాబు ఒక్కరే కూర్చుని రాయకండి. చాలామంది స్టేషన్ అంటే భయపడతారు, కౌన్సిల్ అంటే మనవాళ్లేగా అని మనసు విప్పి రాసేస్తారు. జరగాల్సింది సరిగ్గా దీనికి వ్యతిరేకం. పోలీసులు దర్యాప్తులో నమోదు చేసే వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదని బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 181వ సెక్షన్ చెబుతుంది. కౌన్సిల్‌కి ఇచ్చే జవాబు మాత్రం మీ సంతకంతో ఉన్న కాగితం. అది ఫిర్యాదుదారు చేతికి, అక్కడి నుంచి దర్యాప్తు అధికారి ఫైల్లోకి చేరడానికి ఎంతో సేపు పట్టదు.

‘రక్తస్రావాన్ని ఇంకాస్త ముందే గుర్తించి ఉండాల్సింది’ అని మర్యాదకి రాసిన వాక్యం కోర్టులో ఒప్పుకోలు అయి కూర్చుంటుంది. దాని బదులు: ‘రాత్రి 9.40కి బీపీ పడిపోయిందని నర్సు ఫోన్ చేశారు, 9.45కి పరీక్షించాను, 9.55కి రక్తం ఎక్కించడం మొదలైంది’. ఈ సమయాలు నర్సింగ్ చార్టుతో, బ్లడ్ బ్యాంకు ఇష్యూ స్లిప్పుతో సరిపోవాలి. సరిపోని చోట సరిపోలేదని లాయరుకి ముందే చెప్పండి. అవతలి లాయరు కంటపడి మీ లాయరుకి తెలిస్తే అప్పటికే ఆలస్యం.

గడువు దగ్గరపడిందని కంగారుపడి రాయొద్దు, అలాగని మౌనంగా ఉండిపోవద్దు. నోటీసు ఫలానా తేదీన అందింది, ఫిర్యాదు కాపీ, దానికి జతపరిచిన కాగితాలు ఇప్పించండి, కేస్ షీట్ ఒరిజినల్ పోలీసుల దగ్గర ఉంది కనుక ఫలానా తేదీ వరకు గడువు ఇవ్వండి అని నాలుగు వాక్యాల లేఖ పంపి, అందినట్టు రుజువు దాచుకోండి. ఈలోగా క్రిమినల్ లాయరు, కౌన్సిల్ వ్యవహారాలు తెలిసిన లాయరు ఇద్దరూ ఒకే ముసాయిదా చూడాలి.

ఇక పోలీసు నోటీసు. చెప్పిన రోజు తప్పక హాజరవ్వండి. నోటీసును పాటిస్తున్నంత కాలం, అధికారి కారణాలు రాసిపెడితే తప్ప, అరెస్టు చేయకూడదు. వెళ్లకపోతే ఆ రక్షణ పోతుంది. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు డాక్టర్లను మామూలుగా అరెస్టు చేయవద్దని, దర్యాప్తు అధికారి ముందు ఆ విభాగంలో నిపుణుడైన మరో డాక్టరు అభిప్రాయం, వీలైతే ప్రభుత్వ డాక్టరుదే, తీసుకోవాలని చెప్పింది. ఆ అభిప్రాయం తీసుకున్నారో లేదో లాయరు చేత రాతపూర్వకంగా అడిగించండి.

ఎఫ్‌ఐఆర్‌లో ఏ సెక్షన్ పెట్టారో చూడండి. బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 106(1) ఒక్కటే ఉంటే, వైద్య ప్రక్రియ చేస్తుండగా జరిగిన నిర్లక్ష్యానికి రిజిస్టర్డ్ డాక్టరుకి గరిష్ఠ శిక్ష 2 ఏళ్లు. అది బెయిలబుల్ (బెయిలు హక్కుగా దొరికే) నేరం, ముందస్తు బెయిలు పిటిషన్ అక్కర్లేదు. 105 (హత్య కిందికి రాని నరహత్య) కూడా కలిపి ఉంటే పరిస్థితి వేరు, అప్పుడు ఆలస్యం చేయకుండా బీఎన్‌ఎస్‌ఎస్ 482 కింద ముందస్తు బెయిలుకి వెళ్లాలి. (పాత సీఆర్‌పీసీ అలవాటు కొద్దీ 482 అంటే కేసు కొట్టేయించే సెక్షన్ అనుకునేవారు ఇంకా ఉన్నారు. 2024 జూలై 1 నుంచి దాని నంబరు 528.)

కేస్ షీట్‌లో ఒక్క అక్షరం కూడా కలపకండి. చెప్పాల్సింది మిగిలిపోతే నేటి తేదీతో వేరే కాగితం మీద రాసి లాయరుకి ఇవ్వండి. కంప్యూటర్ రికార్డులో ఎవరు ఎప్పుడు మార్చారో లాగ్‌లో ఉండిపోతుంది. సాక్ష్యం మాయం చేశారంటూ బీఎన్‌ఎస్ 238 తోడైతే, గెలవగలిగే కేసు కూడా చేజారుతుంది. పోలీసులు ఒరిజినల్ తీసుకెళ్లే ముందు ప్రతి పేజీకి నంబరు వేసి జిరాక్స్ తీయించి, రసీదు తీసుకోండి.

మీ వృత్తి బాధ్యత ఇన్సూరెన్స్ కంపెనీకి ఇవాళే రాతపూర్వకంగా తెలపండి. ఆలస్యంగా చెప్పారని క్లెయిమ్ తిరస్కరించే వీలు వాళ్లకి ఇవ్వొద్దు. ఆస్పత్రి లాయరు మాత్రం ఆస్పత్రి మనిషి. తప్పు డాక్టరుదా, ఐసీయూ సిబ్బందిదా అన్న ప్రశ్న వచ్చిన రోజు ఆయన మీ పక్కన నిలబడలేరు.

ప్రశ్న: నేను చార్టర్డ్ అకౌంటెంట్‌ని. క్లయింటు వ్యవహారంలో ఈడీ నుంచి సమన్లు వచ్చాయి. ‘సాక్షిగానే’ అంటున్నారు. ఏం తీసుకెళ్లాలి?

జవాబు: సాక్షి అన్న మాటని హామీగా తీసుకోకండి. మనీ లాండరింగ్ చట్టం 50వ సెక్షన్ కింద హాజరై నిజం చెప్పడం తప్పనిసరి. ఈడీ అధికారులు పోలీసులు కారని 2022లో విజయ్ మదన్‌లాల్ చౌదరి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది కాబట్టి, పోలీసుల ముందు వాంగ్మూలంలా కాకుండా, అక్కడ సంతకం పెట్టిన వాంగ్మూలం రేపు మీకే ఎదురు రావచ్చు. ప్రతి పేజీ చదివాకే సంతకం పెట్టండి. మీరు అనని మాట ఉంటే అక్కడే దిద్దించండి. గుర్తులేనిది గుర్తులేదనే చెప్పండి, ఊహించి అంకెలు చెప్పకండి.

లాయరుకి ఉన్న గోప్యతా రక్షణ సీఏకి లేదు. అలాగని అడగనివి కూడా ఇచ్చేస్తే మరో చిక్కు: చట్టం కోరిన మేర కాకుండా, క్లయింటు అనుమతి లేకుండా సమాచారం బయటపెట్టడం సీఏ చట్టం రెండో షెడ్యూల్ ప్రకారం వృత్తిపరమైన దుష్ప్రవర్తన. సమన్ల జాబితాలో ఉన్నవే, పట్టిక రాసి, రసీదు తీసుకుని ఇవ్వండి. నోటిమాటగా ఇంకేమైనా అడిగితే రాతపూర్వకంగా కోరమనండి.

ప్రశ్న: క్రిమినల్ కోర్టు నన్ను నిర్దోషిగా వదిలేసింది. మెడికల్ కౌన్సిల్ కేసు దానంతటదే పోతుందా?

జవాబు: పోదు. కోర్టుకి సందేహానికి తావులేని రుజువు కావాలి, క్రమశిక్షణ విచారణకి ఏది ఎక్కువ సంభావ్యమో తేలితే చాలు. తీర్పు సర్టిఫైడ్ కాపీని మాత్రం వెంటనే దాఖలు చేయండి. సంశయ లాభం మీద వదిలేశారా, ఆరోపణే నిలబడదని అన్నారా అన్న పేరాని గుర్తుపెట్టి మరీ ఇవ్వండి. రెండో రకం తీర్పుకి బలం చాలా ఎక్కువ. అయినా కౌన్సిల్ చర్య తీసుకుంటే, ఉత్తర్వు అందిన 60 రోజుల్లో జాతీయ మెడికల్ కమిషన్‌లోని ఎథిక్స్ అండ్ మెడికల్ రిజిస్ట్రేషన్ బోర్డుకి అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా వ్యతిరేకంగా వస్తే మరో 60 రోజుల్లో కమిషన్‌కే వెళ్లవచ్చు. ఉత్తర్వు వచ్చిన కవరు పారేయకండి, అందిన తేదీకి అదే ఆధారం.